తేట నీళ్లు, మంచి నీళ్లు

అందరికీ నమస్కారం.

నీటి కాలుష్యం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఆ మాట వినగానే మనకు నల్లటి మురుగు కాలువ, నురగ తేలే ఏరు, ఒడ్డున పేరుకున్న ప్లాస్టిక్ సంచులు కళ్లముందు కదులుతాయి. అదంతా కాలుష్యమే. అయితే నేను చాలా ఏళ్లు నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేశాను. అక్కడికి శాంపిల్ తెచ్చేవాళ్లలో చాలామంది సీసాని వెలుతురుకి ఎత్తి చూపించి, "చూడండి సార్, ఎంత తేటగా ఉన్నాయో! వీటిలో ఏముంటుంది?" అనేవాళ్లు. ఆ ప్రశ్నకు జవాబే ఈరోజు నా ప్రసంగం.

నల్లగా కంపు కొట్టే నీళ్లని ఎవరూ చేజేతులా తాగరు. చరిత్రలో జనాన్ని పెద్ద ఎత్తున దెబ్బతీసిన నీళ్లు చాలాసార్లు తేటగానే ఉన్నాయి. కొన్నిచోట్ల రుచిగా కూడా ఉన్నాయి. కంటికి, ముక్కుకి, నాలుకకి అందని కాలుష్యం గురించే ఎక్కువ మాట్లాడతాను. కనిపించేదాని గురించి మీకు ఎలాగూ తెలుసు.

1854లో లండన్‌లో కలరా వచ్చింది. బ్రాడ్ స్ట్రీట్ అనే వీధి చుట్టుపక్కల కొద్ది వారాల్లో 600 మందికి పైగా చనిపోయారు. కుళ్లు వాసన గాలిలో కలిసి రోగం తెస్తుందని అప్పట్లో డాక్టర్లతో సహా అందరూ నమ్మేవాళ్లు. జాన్ స్నో అనే డాక్టరు మాత్రం నీళ్లని అనుమానించాడు. ఎవరు చనిపోయారు, వాళ్లు ఎక్కడి నీళ్లు తాగారు అని ఇంటింటికీ తిరిగి అడిగాడు. చాలా మరణాలు ఆ వీధిలోని ఒక చేతిపంపు దగ్గరే తేలాయి. కానీ ఆయన్ని నిజంగా ఒప్పించింది దూరాన జరిగిన ఒక చావు. కొన్ని మైళ్ల అవతల హాంప్‌స్టెడ్‌లో ఉంటున్న ఒక పెద్దావిడ కలరాతో పోయింది. ఆ పేటలో ఇంకెవరికీ కలరా లేదు. వాకబు చేస్తే, ఆవిడ ఒకప్పుడు బ్రాడ్ స్ట్రీట్‌లో కాపురం ఉండేదట. ఆ పంపు నీళ్ల రుచి మరిగి, రోజూ బండి మీద ఒక సీసా తెప్పించుకునేది. ఆ నీళ్లే తాగిన ఆవిడ మేనకోడలూ చనిపోయింది.

ఆవిడ ఆ నీళ్లని ఇష్టపడి తెప్పించుకుంది, అది గమనించండి. తర్వాత తవ్వి చూస్తే, బావికి ఒక గజం దూరంలో ఒక ఇంటి మరుగు గుంట ఉంది. దాని ఇటుకల కట్టు పాడైపోయి, అందులోది మెల్లగా బావిలోకి ఊరుతోంది. ఆ ఇంట్లో విరేచనాలతో చనిపోయిన ఒక పసిపాప గుడ్డలు ఉతికిన నీళ్లు ఆ గుంటలోనే పోశారు. నాలుగేళ్ల తర్వాత, 1858 ఎండాకాలంలో థేమ్స్ నది కంపు భరించలేక పార్లమెంటు సభ్యులు కూర్చోలేని పరిస్థితి వచ్చింది. అప్పుడు గానీ నగరమంతటికీ పెద్ద మురుగు కాలువలు కట్టే పని మొదలుకాలేదు. వందల మంది చనిపోయినప్పుడు కదలని యంత్రాంగం కంపు కొడితే కదిలింది. ఈ జబ్బు మనల్ని ఇంకా వదల్లేదని నా నమ్మకం. నీళ్లు వాసన వస్తేనే ఫిర్యాదు చేస్తాం, రంగు మారితేనే భయపడతాం.

ఇక రకాల మాట. పుస్తకాల్లో భౌతిక, రసాయన, జీవసంబంధ కాలుష్యం అని విడదీస్తారు. పరీక్ష రాసేవాళ్లకు అది చాలు. పని చేయాల్సినవాళ్లకు మాత్రం అది ఎక్కడినుంచి వస్తోందన్నది ముఖ్యం. కొంత కాలుష్యం ఫలానా గొట్టంలోంచి, ఫలానా కాలువలోంచి వస్తోందని వేలు పెట్టి చూపించొచ్చు. ఫ్యాక్టరీ గొట్టం, నగరం మురుగు కాలువ అలాంటివి. రెండో రకాన్ని అలా చూపించలేం. వాన పడుతుంది, పొలాల్లోని ఎరువులు, పురుగుమందులు, రోడ్ల మీది నూనె, టైర్ల పొడి, పెంట, అన్నీ కొట్టుకొచ్చి ఏట్లో కలుస్తాయి. దోషి ఒక్కడు కాదు కాబట్టి నోటీసు ఎవరికివ్వాలో తెలియదు. మూడోది మనం తరచుగా మరిచిపోయేది. కొన్నిచోట్ల భూమిలోనే విషం ఉంటుంది, మనం బోరు వేసి దాన్ని పైకి తెచ్చుకుంటాం.

భూమి మీదున్న నీళ్లలో దాదాపు 97.5 శాతం ఉప్పు నీళ్లు. మిగిలిన మంచినీళ్లలో ఎక్కువభాగం మంచుగా గడ్డకట్టి ఉంది. తర్వాతి వాటా భూగర్భజలం. నదులు, చెరువులు కలిపినా ఉండేది చాలా కొంచెం. మన మురుగంతా వచ్చి చేరేది ఆ కొంచెంలోకే.

మొదట మురుగు గురించి. మనిషి మలం నీళ్లలో కలవడం ప్రపంచంలో అన్నిటికన్నా పాత నీటి కాలుష్యం, ఈరోజుకీ అన్నిటికన్నా ఎక్కువమందిని చంపుతున్న నీటి కాలుష్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో కనీసం 170 కోట్ల మంది తాగేనీళ్లు మలంతో కలుషితమైనవే. అలాంటి నీళ్ల వల్ల ఏటా దాదాపు 5,05,000 మంది విరేచనాలతో చనిపోతున్నారని ఆ సంస్థ అంచనా. కలరా, టైఫాయిడ్, రక్త విరేచనాలు, కామెర్లలో హెపటైటిస్-ఎ, ఇ రకాలు, పోలియో, ఇవన్నీ ఒకరి కడుపులోంచి బయటికొచ్చి నీళ్ల ద్వారా ఇంకొకరి కడుపులోకి వెళ్లేవే.

ఇన్ని క్రిముల్లో దేన్నని వెతుకుతాం? ఒక్కొక్కదాన్నీ వెతకడం కుదరదు. అందుకే ల్యాబ్‌లో ఇ-కోలి అనే బ్యాక్టీరియా కోసం చూస్తాం. అది మనుషుల, జంతువుల పేగుల్లో ఉంటుంది. అది కనిపించిందంటే మలం కలిసిందని అర్థం. మలం కలిసిందంటే దానితోపాటు ఏ రోగమైనా వచ్చి ఉండొచ్చు. తాగేనీళ్లు 100 మిల్లీలీటర్లు తీసుకుంటే అందులో ఒక్కటి కూడా ఉండకూడదు. అయితే ఇ-కోలి లేనంత మాత్రాన గుండె మీద చెయ్యి వేసుకుని నిశ్చింతగా ఉండలేం. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి కుళాయి నీళ్లలోకి వచ్చి దాదాపు నాలుగు లక్షల మంది జబ్బుపడ్డారు. ఆ నీళ్లలో క్లోరిన్ కలిపారు. కానీ దాని పెంకు గట్టిది, మామూలు మోతాదు క్లోరిన్‌కి చావదు. వడపోత సరిగ్గా జరిగి ఉంటే ఆగేది.

మురుగుతో రెండో నష్టం చేపలకి. నీళ్లలో ఆక్సిజన్ చాలా తక్కువ కరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది, 30 డిగ్రీలకి వెళ్తే ఏడున్నరకి పడిపోతుంది. ఫ్యాక్టరీలు, విద్యుత్ కేంద్రాలు వేడినీళ్లు వదిలితే చేపలు చచ్చిపోవడానికి ఇదొక కారణం. చాలా రకాల చేపలకి కనీసం 5 అయినా కావాలి. ఇప్పుడు మురుగు వచ్చి కలిసిందనుకోండి. బ్యాక్టీరియా దాన్ని తింటుంది, తింటున్నంతసేపూ ఆక్సిజన్ పీల్చుకుంటుంది. ఎంత పీల్చుకుంటుందో కొలిచే లెక్కనే బీఓడీ అంటారు. మామూలు ఇళ్ల మురుగులో అది లీటరుకు 200 నుంచి 300 మిల్లీగ్రాములు. నీళ్లలో ఉన్నదేమో తొమ్మిది. మిగతా లెక్క మీరే వేయండి. చక్కెర మిల్లులు, సారా బట్టీలు, కాగితం మిల్లులు వదిలే నీళ్లలో ఇది వేలల్లోకి వెళ్తుంది. వాటిలో విషమనేది ఏమీ లేకపోయినా చాలు, చేపలు ఊపిరాడక చనిపోతాయి. "మేం రసాయనాలేమీ వదల్లేదు" అని యజమాని అనొచ్చు, అది నిజం కూడా కావచ్చు. చెరువు మాత్రం చచ్చిపోతుంది.

ఎరువుల సంగతి దీనికి దగ్గరిదే. నత్రజని, భాస్వరం మొక్కలకి బలం. పొలంలో పనికొచ్చే ఆ బలమే చెరువులోకి వెళ్తే నాచుకి పనికొస్తుంది. కెనడాలో పరిశోధనల కోసమే కేటాయించిన సరస్సులు కొన్ని ఉన్నాయి. 1973లో డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రవేత్త బృందం వాటిలో ఒక సరస్సుని మధ్యలో పెద్ద తెర కట్టి రెండుగా విడగొట్టింది. రెండు వైపులా కార్బన్, నత్రజని వేశారు. ఒకవైపు మాత్రం భాస్వరం కూడా కలిపారు. కొద్దికాలానికి విమానంలోంచి ఫొటో తీస్తే భాస్వరం వేసిన సగం చిక్కటి ఆకుపచ్చగా మారిపోయింది, మిగతా సగం మామూలుగానే ఉంది. సబ్బు పొడుల్లో ఫాస్ఫేట్లు తగ్గించాలన్న వాదనకి ఆ ఒక్క ఫొటో ఇచ్చినంత బలం వంద నివేదికలు ఇవ్వలేదు.

నాచు పెరిగితే నష్టమేమిటి? అది చచ్చి అడుగుకి చేరి కుళ్లుతుంది, మళ్లీ ఆక్సిజన్ అయిపోతుంది. అమెరికాలోని మిసిసిపి నది గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో కలిసేచోట ప్రతి వేసవిలోనూ వేల చదరపు కిలోమీటర్ల సముద్రం అడుగున ఊపిరి లేకుండా పోవడానికి కారణం ఇదే. నది ఎగువన వందల కిలోమీటర్ల దూరంలో పొలాల్లో వేసిన ఎరువు అక్కడ తేలుతోంది.

నాచులో కొన్ని రకాలు విషాన్ని కూడా తయారుచేస్తాయి. నీలి ఆకుపచ్చ నాచు వదిలే మైక్రోసిస్టిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగరంలో నాలుగు లక్షల మందికి పైగా జనాన్ని కుళాయి నీళ్లు తాగొద్దన్నారు. ఆ నీళ్లు ఈరీ సరస్సు నుంచి వచ్చేవి. అక్కడ అధికారులు ప్రత్యేకంగా ఇంకో హెచ్చరిక చేశారు: కాచొద్దు. కాచితే ఆ విషం పోదు, నీళ్లు ఆవిరైపోయి మిగిలినవాటిలో ఇంకా చిక్కబడుతుంది. కాచిన నీళ్లు ఎప్పుడూ మంచివేనని మనకున్న నమ్మకానికి ఇది పెద్ద దెబ్బ. దీని గురించి చివర్లో అడుగుతామని కొందరు చీటీలు పంపారు, అప్పుడు చెప్తాను.

ఇప్పుడు మినమాటా. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

జపాన్‌లో మినమాటా అనే చిన్న పట్టణం, సముద్రపు ఒడ్డు. చేపలు పట్టి బతికే జనం. అక్కడ చిస్సో అనే కంపెనీ 1932 నుంచి ఎసిటాల్డిహైడ్ అనే రసాయనం తయారుచేసేది. ఆ తయారీలో పాదరసం వాడేవారు. వాడాక మిగిలిన నీళ్లు అఖాతంలోకి వెళ్లేవి. అందులో మిథైల్ మెర్క్యురీ అనే పాదరసపు విషం ఉంది. 1950లలో ఊళ్లోని పిల్లులు వింతగా ఎగిరిపడుతూ, గింగిరాలు తిరుగుతూ చనిపోవడం జనం చూశారు. తర్వాత మనుషుల వంతు వచ్చింది. చేతులు తిమ్మిర్లెక్కడం, మాట తడబడటం, చూపు కుంచించుకుపోవడం, మూర్ఛలు. 1956 మే 1న కంపెనీ ఆసుపత్రి డాక్టరు హొసోకావా హజిమే ఈ అంతుచిక్కని జబ్బు గురించి ప్రభుత్వ ఆరోగ్య కార్యాలయానికి తెలియజేశారు.

ఆ అఖాతంలో నీళ్లు తాగినవాళ్లెవరూ లేరు. అది సముద్రం. నీళ్లలో పాదరసం ఎంతో పలచగా ఉంది. కానీ సన్నటి నాచు దాన్ని పీల్చుకుంది, నాచుని చిన్నచేప తింది, చిన్నచేపల్ని పెద్దచేప తింది. ఈ విషం ఒంట్లోంచి తేలిగ్గా బయటికి పోదు. తిన్న ప్రతి ప్రాణిలోనూ పోగవుతూ, మెట్టు మెట్టుకీ చిక్కబడుతూ మనిషి పళ్లెంలోకి వచ్చేసరికి నాడుల్ని చంపేంత అయింది. నీళ్లు తాగకపోతే చాలు, మనకేమీ కాదనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

1959లో అదే డాక్టరు ఫ్యాక్టరీ వ్యర్థ జలం కలిపిన తిండి ఒక పిల్లికి పెట్టి చూశాడు. దానికీ అదే జబ్బు వచ్చింది. ఆ ఫలితాన్ని కంపెనీ బయటికి రానివ్వలేదు. అదే ఏడాది డిసెంబరులో నీళ్లు శుద్ధిచేసే కొత్త యంత్రం పెట్టామని పెద్ద సభ చేశారు. కంపెనీ అధ్యక్షుడు అందరి ముందూ ఒక గ్లాసు నీళ్లు తాగి చూపించాడు. తేట నీళ్లే. నిజానికి ఎసిటాల్డిహైడ్ విభాగం నుంచి వచ్చే నీళ్లు అప్పుడు ఆ యంత్రం గుండా వెళ్లడమే లేదు. అఖాతంలోకి పాదరసం వదలడం 1968 దాకా సాగింది. ప్రభుత్వం కంపెనీదే బాధ్యత అని తేల్చిందీ ఆ ఏడాదే. జబ్బు బయటపడ్డాక పన్నెండేళ్లు. ప్రభుత్వ గుర్తింపు పొందిన బాధితులే 2,000 మందికి పైగా ఉన్నారు.

నన్ను ఎక్కువగా కలచివేసేది అక్కడి పిల్లల సంగతి. తల్లుల్లో చాలామంది పైకి ఆరోగ్యంగానే ఉన్నారు, పెద్దగా లక్షణాలు లేవు. వాళ్లకు పుట్టిన పిల్లలు మాత్రం మెడ నిలపలేక, నడవలేక, మాట రాక పుట్టారు. తల్లి తిన్న పాదరసం మాయ దాటి బిడ్డ మెదడుకు చేరింది. మాయ బిడ్డని విషాల నుంచి కాపాడుతుందని అప్పటిదాకా వైద్యులు అనుకునేవారు. 2013లో పాదరసం వాడకాన్ని కట్టడిచేసే అంతర్జాతీయ ఒప్పందానికి ఆ ఊరి పేరే పెట్టారు.

జపాన్‌లోనే జింజూ నది పక్క గ్రామాల్లో గనుల నుంచి వచ్చిన కాడ్మియం అనే లోహం వరి పొలాల్లోకి పారింది. ఎముకలు పెళుసుబారి, దగ్గినా విరిగేవి. ఆ జబ్బుకి జనం పెట్టుకున్న పేరు ఇతాయ్ ఇతాయ్. మన మాటల్లో అబ్బా, అబ్బా అని.

ఇప్పుడు భూమి కిందికి వెళ్దాం. బంగ్లాదేశ్‌లో 1970లలో పిల్లలు చెరువుల నీళ్లు తాగి విరేచనాలతో చనిపోతున్నారని, యూనిసెఫ్ లాంటి సంస్థల సాయంతో ఊరూరా చేతిపంపులు వేశారు. మంచి ఉద్దేశంతో చేసిన మంచి పని. నేలలోంచి వచ్చే నీళ్లు తేటగా, చల్లగా ఉన్నాయి, క్రిములు లేవు. ఆర్సెనిక్ అనే విషం కోసం చూడాలని అప్పుడు ఎవరికీ తోచలేదు, మామూలు పరీక్షల జాబితాలో అది లేదు. 1993లో బయటపడింది. హిమాలయాల నుంచి వేల ఏళ్లుగా కొట్టుకొచ్చిన ఒండ్రులో ఆర్సెనిక్ ఉంది. ఆక్సిజన్ అందని లోతుల్లో అది మట్టిని వదిలి నీళ్లలోకి వస్తుంది. అరచేతులు, అరికాళ్లు గట్టిపడి పొక్కులు, ఒంటి మీద మచ్చలు, ఏళ్లు గడిచాక చర్మం, మూత్రాశయం, ఊపిరితిత్తుల క్యాన్సర్లు. కోట్ల మంది ఆ నీళ్లు తాగారు. తర్వాత లక్షల పంపుల్ని పరీక్షించి, ప్రమాదం ఉన్నవాటికి ఎర్ర రంగు, లేనివాటికి ఆకుపచ్చ రంగు వేశారు. పక్కపక్క ఇళ్లలోనే ఒక పంపు ఎరుపు, ఒకటి పచ్చ. లోతు కొంచెం మారినా ఫలితం మారుతుంది. పక్కింటివాళ్ల నీళ్లు బాగున్నాయి కాబట్టి మావీ బాగుంటాయని అనుకోకండి. ఆర్సెనిక్‌కి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. రంగు ఉండదు, రుచి ఉండదు.

ఫ్లోరైడ్ కూడా అలాగే రాళ్లలోంచి వస్తుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే పళ్ల మీద గారలు, ఇంకా చాలా ఎక్కువైతే ఏళ్ల తరబడి తాగాక ఎముకలు బిగిసిపోవడం. పటిక, సున్నం కలిపి దాన్ని తగ్గించే పద్ధతిని ప్రపంచమంతా నల్గొండ పద్ధతి అంటారు.

నైట్రేట్ మాత్రం మన చేతలే. ఎరువులు, మరుగు గుంటలు. అది ఎక్కువైన నీళ్లతో కలిపిన పాలు పట్టిన పసిపిల్లలకి రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలంగా మారుతుంది. 1945లో అమెరికాలోని అయోవాలో పిల్లల డాక్టరు ఒకరు పల్లెల్లోని బావినీళ్లకీ ఈ జబ్బుకీ సంబంధం ఉందని మొదట చెప్పారు. ఇక్కడా నీళ్లని కాచడం వల్ల నైట్రేట్ ఇంకాస్త చిక్కబడుతుందే తప్ప పోదు. పసిపాప కోసమని తల్లి జాగ్రత్తగా మరిగించి మరిగించి పట్టే నీళ్లు అవి.

భూగర్భజలంతో ఉన్న అసలు కష్టం దాని నడక. నదిలో ఈరోజు కలిసింది రేపటికి ఎక్కడో ఉంటుంది. నేలకింద నీళ్లు రోజుకు కొన్ని సెంటీమీటర్లే కదిలే చోట్లు చాలా ఉన్నాయి. వెలుతురు లేదు, గాలి లేదు, విషాన్ని విరగ్గొట్టే క్రిములు తక్కువ. ఒకసారి పాడైన నేలని పంపులు పెట్టి ఏళ్ల తరబడి తోడినా, రంగు దిగే బొంతని పిండినట్టు ప్రతిసారీ ఇంకొంచెం వస్తూనే ఉంటుంది. తోడటం ఆపేస్తే మళ్లీ మొదటికే. అందుకే నేను ఎక్కడ మాట్లాడినా ఒకే మాట పట్టుకుంటాను: నీళ్లలో కలిశాక తీయడం కన్నా కలవకుండా ఆపడం మీదే డబ్బూ శ్రమా పెట్టాలి.

నీళ్లు శుద్ధిచేసి పంపాక కూడా దారిలో పాడవుతాయి. అమెరికాలోని ఫ్లింట్ నగరంలో 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించుకోవాలని నీళ్ల వనరుని మార్చి నది నీళ్లు ఇచ్చారు. ఆ నీళ్లకి గొట్టాల్ని తినేసే గుణం ఎక్కువ. దాన్ని ఆపడానికి కలపాల్సిన మందు కలపలేదు. పాత సీసపు గొట్టాల్లోంచి సీసం కరిగి కుళాయిల్లోకి వచ్చింది. సీసం పిల్లల మెదడుని దెబ్బతీస్తుంది, ఇంత వరకు పర్లేదు అనే మోతాదు దానికి లేదు. నీళ్లు బాగాలేవని జనం చెప్తూనే ఉన్నా, బాగానే ఉన్నాయని నెలల తరబడి వాళ్లకి జవాబు వచ్చింది.

రోజుకి కొన్ని గంటలే నీళ్లు వదిలే చోట ఇంకో ప్రమాదం ఉంది. నీళ్లు పారుతున్నప్పుడు గొట్టంలో ఒత్తిడి ఉంటుంది, పగులుంటే నీళ్లు బయటికి కారతాయి. సరఫరా ఆపగానే ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు అదే పగులులోంచి చుట్టూ ఉన్న మురుగు లోపలికి వస్తుంది. మోటారు పెట్టి లాగితే మరీ ఎక్కువ. తర్వాత వదిలినప్పుడు మొదటి నీళ్లతో అది కుళాయికి చేరుతుంది. ట్యాంకు దగ్గర పరీక్షిస్తే అంతా బాగుంటుంది, చివరి ఇంట్లో పిల్లలకి విరేచనాలు.

సముద్రంలో చమురు ఒలికిన ప్రమాదాల గురించి మీరు విని ఉంటారు. 1989లో అలాస్కా దగ్గర ఎక్సాన్ వాల్డెజ్ ఓడ, 2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో చమురు బావి తవ్వే డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు. అవి ఘోరాలే. అవి టీవీల్లో వచ్చాయి కాబట్టి అందరికీ తెలుసు, ఎక్కువ చెప్పను.

కొత్తగా వస్తున్న వాటి గురించి ఒక్కటి చెప్తాను. ఇందాక చెప్పిన కెనడా సరస్సుల్లోనే 2001 నుంచి మూడేళ్లపాటు ఒక సరస్సులో గర్భనిరోధక మాత్రల్లో ఉండే హార్మోన్‌ని కలిపి చూశారు. లీటరుకి 5, 6 నానోగ్రాములు. గ్రాములో వంద కోట్ల వంతుని నానోగ్రాము అంటారు. నగరాల మురుగు శుద్ధిచేసి వదిలే నీళ్లలో దొరుకుతున్నంత మోతాదే. మగచేపల్లో గుడ్డు సొనకి సంబంధించిన ప్రొటీన్ తయారవడం మొదలైంది. రెండేళ్లు తిరక్కుండానే ఒక చిన్నచేప జాతి ఆ సరస్సులో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. మురుగు శుద్ధి కేంద్రాలు మలాన్ని తీయడానికి కట్టినవి, మందుల్ని తీయడానికి కాదు. మనం మింగే ప్రతి మాత్రలో కొంత, మిగిలిపోయి సింకులో పోసే సిరప్ మొత్తం, నీళ్లలోకే వెళ్తాయి. యాంటీబయాటిక్స్ అలా చేరితే అక్కడి బ్యాక్టీరియా వాటికి అలవాటుపడి మొండికేస్తుంది. 5 మిల్లీమీటర్ల కన్నా చిన్నవైన ప్లాస్టిక్ ముక్కలు, అంటుకోని పెనాల పూతలకీ మంటలార్పే నురగలకీ వాడే, ఎన్నేళ్లయినా విరగని పీఫాస్ రసాయనాలు కూడా ఈ వరసలోవే.

ఆ చేపలు, హార్మోన్ కలపడం ఆపిన కొన్నేళ్లకి మళ్లీ పెరిగాయి. అది కూడా చెప్పాలి. థేమ్స్ నది లండన్ దగ్గర బతుకే లేని నది అని 1957లో జీవశాస్త్రజ్ఞులు తేల్చారు. మురుగు శుద్ధి పెంచాక ఇప్పుడు అందులో వంద రకాలకి పైగా చేపలున్నాయి, సీల్ అనే సముద్ర జంతువులు కూడా వస్తాయి. 1986 నవంబరు 1న స్విట్జర్లాండ్‌లో బాసెల్ దగ్గర రసాయనాల గోదాము తగలబడి, మంటలార్పిన నీళ్లతోపాటు పురుగుమందులు రైన్ నదిలోకి వచ్చాయి. వందల కిలోమీటర్ల మేర చేపలు చచ్చి తేలాయి. ఒడ్డునున్న దేశాలన్నీ కలిసి కూర్చుని ఒక కార్యక్రమం పెట్టుకున్నాయి, ఎప్పుడో మాయమైన సాల్మన్ చేప తిరిగి రావాలన్నది వాళ్ల లక్ష్యం. తిరిగొచ్చింది. ఏ నదినైనా బతికించింది నదిని కడగడం కాదు, అందులోకి వచ్చే గొట్టాల దగ్గర కాపలా పెట్టడం. రైన్‌లో ఆ కాపలా ఇప్పటికీ ఉంది, నీటిని రోజూ పరీక్షిస్తారు.

చీటీలు చూస్తాను.

"కాచి తాగితే సరిపోతుందా?" క్రిములకి సరిపోతుంది. నీళ్లు బుడగలు వచ్చేలా తెర్లిన తర్వాత ఒక నిమిషం చాలు. ఆర్సెనిక్, ఫ్లోరైడ్, నైట్రేట్, సీసం, పురుగుమందుల్లో చాలావాటికి కాచడం పనికిరాదు. కాచినవాటిని మూత లేని బిందెలో పోసి, చెయ్యి పెట్టి గ్లాసుతో ముంచుకుంటే క్రిములకీ పనికిరాదమ్మా.

"పటిక వేస్తే?" మట్టి కిందికి దిగుతుంది, దాంతోపాటు కొన్ని క్రిములూ దిగుతాయి, మిగిలినవి పైనే ఉంటాయి. దిగాక పైతేట తీసి క్లోరిన్ వేయాలి. బురదనీళ్లలోనే క్లోరిన్ వేస్తే అది బురద మీదే ఖర్చయిపోతుంది. వేసిన అరగంట తర్వాత కూడా లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. కొద్దిగా క్లోరిన్ వాసన వచ్చే నీళ్లని పారబోయకండి, ఆ వాసన కాపలా ఉందనడానికి గుర్తు.

"ఇంట్లో ఆర్ఓ పెట్టించుకోమంటారా?" ముందు పరీక్ష చేయించండి. ఫ్లోరైడో ఆర్సెనికో నైట్రేటో ఎక్కువుంటే అది అవసరమే. లేకపోతే అక్కర్లేదు. అది పక్కకి వదిలే నీళ్లు వచ్చినవాటికన్నా చిక్కటివి, అవి ఎటు పోతున్నాయో చూసుకోండి. మార్చాల్సిన సమయానికి పొర మార్చకపోతే పెట్టుకున్నా లాభం లేదు.

ఆఖరు చీటీ, చాలా మంచి ప్రశ్న: "పరీక్షకి నీళ్లు ఎలా పట్టాలి?" సగం తప్పుడు ఫలితాలు ఇక్కడే పుడతాయి. క్రిముల పరీక్షకి ల్యాబ్‌వాళ్లిచ్చే శుభ్రపరిచిన సీసానే వాడండి, కూల్‌డ్రింక్ సీసా వద్దు. దాన్ని కడగొద్దు, లోపల క్లోరిన్‌ని ఆపే మందు ఉంటుంది. కుళాయి మూతిని తుడిచి, రెండు మూడు నిమిషాలు నీళ్లు పోనిచ్చి, మూత లోపలివైపు వేలు తగలకుండా పట్టండి. పైన కాస్త ఖాళీ వదలండి. ఐసు పెట్టెలో పెట్టి వీలైతే ఆరు గంటల్లోపు, ఎంత ఆలస్యమైనా ఒక రోజులోపు ల్యాబ్‌కి చేర్చండి. సీసం కోసమైతే దీనికి పూర్తిగా వ్యతిరేకం: రాత్రంతా కుళాయి తిప్పకుండా ఉంచి, పొద్దున్నే వచ్చే మొదటి నీళ్లే పట్టాలి. గొట్టంలో నిలవున్న నీళ్లలోనే సీసం ఎక్కువుంటుంది కాబట్టి. బోరు నీళ్లైతే ఎండాకాలంలో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి, రెండుసార్లూ చేయించండి. శాంపిల్‌తోపాటు బోరు లోతు, ఎన్నాళ్లక్రితం వేశారు, చుట్టూ పది మీటర్లలో మరుగుదొడ్డి గుంట గానీ పెంటకుప్ప గానీ ఉందా, పంపు చుట్టూ ఉన్న సిమెంటు గట్టు పగిలి ఉందా, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ కాగితం చూస్తే ఏ ఏ పరీక్షలు చేయాలో ల్యాబ్‌వాళ్లకి తెలుస్తుంది.